చన్నీళ్ళకి వదిలిన మరక

తెల్లగుడ్డ చేత్తో పట్టుకుని కుళాయి దగ్గర నిలబడిపోయిన కన్నమ్మని కిందటివారం అక్కడే వదిలేసి వచ్చాం. పాపం ఆవిడ ఇంకా అలాగే నిలబడి ఉంది కాబట్టి తిన్నగా ఆవిడ దగ్గరికే పోదాం. దారిలో, కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు.

కిరండూల్ అనే ఇనపగని ఊళ్ళో, రైల్వే కాలనీలో, ఆ ఇంట్లో ఉండేది మనుషులు ముగ్గురు, గార్డుగారు ఒకరు. మనుషులంటే కన్నమ్మ, రైల్వేలోనే పనిచేసే కొడుకు సునీల్‌కుమార్, కోడలు గ్రేసీ. గార్డుగారు రామచిలుక. ఇరవైమూడేళ్ళ కిందట గాలివాన వెలిసిన మర్నాడు, సొరంగం మూతి దగ్గర పట్టాల పక్కన పడి ఉన్న చిలకపిల్లని, కన్నమ్మ మొగుడు కూర్మారావు టోపీలో పెట్టుకుని ఇంటికి తెచ్చాడు. లైను మీద రోజూ నడిచి పట్టాలు చూసుకునే కీమాన్ ఉద్యోగం ఆయనది. పిల్లకి ఒక రెక్క విరిగింది. అతుక్కుంది గానీ ఎగరడానికి పనికిరాలేదు. పచ్చజెండా రంగులో ఉందని కూర్మారావు గార్డుగారని పేరు పెట్టాడు. ఆ 'గారు'ని ఇంట్లో ఎవ్వరూ ఏనాడూ తీసెయ్యలేదు. కూర్మారావు పోయి నాలుగేళ్ళయింది. గార్డుగారు ఉన్నారు.

ఆరువారాల కిందట అటవీశాఖ జీపు ఒకటి మైకు కట్టుకుని కాలనీలో తిరిగింది. చిలకల్ని పెంచడం నేరం, ఉన్నవాళ్ళు అప్పగించండి, లేదంటే కేసు, అని హిందీలో చెప్పుకుంటూ పోయింది. ఆ సాయంత్రమే సునీల్ వీధి అరుగు మీది పంజరాన్ని తీసుకెళ్ళి, పెరట్లో వేణ్ణీళ్ళు కాచుకునే గదిలో గుడ్డ కప్పి దాచేశాడు. తర్వాత కొద్దిరోజులకే గార్డుగారికి మాట పడిపోయింది. కప్పిన గుడ్డకి తుప్పురంగు మరకలు అంటుకోవడం మొదలైంది. ముక్కు రంధ్రాల చుట్టూ అదే రంగు పెచ్చు.

"ఖదాన్ దుమ్మమ్మా" అన్నాడు సునీల్. గ్రేసీ కూడా అదే అంది. వాళ్ళని తప్పు పట్టడానికి లేదు. కొండ మీద గనిలోంచి దిగే ఇనపరాయి దుమ్ము ఆ ఊళ్ళో అంటని వస్తువంటూ లేదు. ఆరేసిన చొక్కా, వాకిట్లో ముగ్గు, కుక్కపిల్ల వీపు, అన్నీ ఎరుపే. అక్కడ ఎర్రగా కనపడ్డదాన్ని చూసి ఇదేమిటని ఎవరూ అడగరు. కన్నమ్మ కూడా నెల్లాళ్ళు అడగలేదు. అది తల్చుకుంటే ఆవిడకి తన చెంపలు తనే వాయించుకోవాలనిపిస్తోంది.

ఆ శుక్రవారం పొద్దున్న ఏం జరిగిందంటే, గ్రేసీ వంటింట్లో ఉండగా కన్నమ్మ పెరటిగది తలుపు సందులోంచి లోపలికి చూసింది. మామూలుగా అయితే తలుపు తోసుకుని, గార్డుగారూ అని పలకరిస్తూ వెళ్ళే మనిషి. ఆవేళ ఎందుకో చప్పుడు చెయ్యలేదు. లోపల గార్డుగారు ఒంటరిగా, పై కమ్మీ వదిలేసి అడుగు కమ్మీ మీద, ఒళ్ళంతా ఉబ్బించుకుని ఉండలా కూర్చుని ఉన్నారు. ఏప్రిల్ ఎండలో చలేమిటి? ఎప్పుడూ ఒంటికాలి మీద కునుకు తీసేవారు, ఇప్పుడు రెండుకాళ్ళూ ఆనించి, అప్పటికీ తూలుతున్నారు. ఊపిరి తీసినప్పుడల్లా తోక పైకీ కిందికీ ఆడుతోంది.

అంతలో గ్రేసీ అటు వచ్చిన అడుగుల చప్పుడైంది. అంతే. గార్డుగారు ఈకలన్నీ దగ్గరికి లాక్కుని, మెడ నిక్కించి, రెండంగలు పక్కకి వేసి మిరపకాయ ఒకటి నోట కరుచుకున్నారు. గ్రేసీ చూసి, "తింటన్నారత్తా, బాగానే ఉన్నారు" అనేసి వెళ్ళిపోయింది. ఆమె అటు తిరిగిందో లేదో మిరపకాయ కింద పడింది. కొరికిన గుర్తయినా లేదు. కింద అలాంటివి పదో పన్నెండో ఉన్నాయి.

డ్యూటీ చేస్తున్నారు, అనుకుంది కన్నమ్మ. నెల రోజులుగా మా కళ్ళ ముందు డ్యూటీ చేస్తున్నారు. ఆవిడకి ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది. ముందు తన మీద, తర్వాత సునీల్ మీద, ఆ తర్వాత జీపు మీద.

అలా మండుతున్న ఒంటితోనే గుడ్డ లాక్కుని కుళాయి దగ్గరికి వచ్చింది. ఇదిగో, ఇప్పుడు మనం వదిలేసిన చోటికి వచ్చాం.

"సునీలూ! ఇలా రా. గ్రేసీ, నువ్వూ రా."

సునీల్ యూనిఫారం వేసుకుని, ఒక కాలికి మేజోడు తొడుక్కుని వచ్చాడు. "ఏటమ్మా? డ్యూటీకి టైమవుతోంది."

"డ్యూటీ ఎక్కడికీ పారిపోదు. కూకో."

బకెట్ నిండా చన్నీళ్ళు పట్టింది. సబ్బు లేదు. సునీల్ నిన్న విప్పేసిన చొక్కా ఒకటీ, పంజరం మీది గుడ్డ ఒకటీ పక్కపక్కన పరిచింది. రెంటి మీదా మరకలు ఒక్క రంగే. చొక్కాని నీళ్ళలో ముంచి రెండుచేతులా నులిమింది. పైకి తీస్తే మరక చెక్కు చెదరలేదు. గుడ్డని ముంచింది. నులమక్కర్లేదు, అలా ఆడించింది. నీళ్ళలో ఒక గులాబీ చార బయల్దేరి చుట్టూ తిరిగి కలిసిపోయింది. గుడ్డ పైకి తీస్తే తెల్లగా ఉంది.

"ముప్పై ఏళ్ళు మీ నాన్న బట్టలుతికినాను. ఇనపదుమ్ము చన్నీల్లకి పోదురా. సబ్బుకీ పోదు. చింతపండేసి రుద్దితే సగం పోతాది. చన్నీల్లకి పోయేది ఒకటే." గుడ్డని వాడి మోకాళ్ళ మీద పడేసింది. "నెత్తురు. ఆయన ముక్కులోంచి నెత్తురు కారతంది. మనం దుమ్మనుకున్నాం."

గ్రేసీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. సునీల్ తడిగుడ్డ వంక చూశాడు గానీ దాన్ని ముట్టుకోలేదు.

"ముసలైపోయారమ్మా" అన్నాడు చివరికి. "ఆ వయసుకి ఏదో ఒకటి వస్తాది. ఆదివారం ఎలాగూ అడవిలో వదిలేద్దామనుకున్నాం కదా. స్వేచ్ఛగా..."

"ఎవలనుకున్నారు? నువ్వనుకున్నావు. ఎగరలేనోడికి అడవేటిరా? చెట్టు కింద పెట్టొచ్చీసి స్వేచ్ఛ అంటావా? దాన్ని వదలడమనరు, పారెయ్యడమంటారు. దంతెవాడలో పశువులాసుపత్రి ఉంది. తీసుకెల్దాం."

సునీల్ లేచి నిలబడ్డాడు. "ఎవరిదని అడుగుతారు. ఏం చెప్తావ్? పరీక్ష పాసై ప్రమోషన్ లిస్టులో ఉన్నాను. కేసులో పేరు పడితే లిస్టులోంచి పేరు తీసేస్తారు. నాన్న చేసిన పనికి నేను పోవాలా?"

"మీ నాన్న చేసింది పనికిమాలిన పనా?"

"నేరమమ్మా! చట్టం ప్రకారం నేరం!"

"నేరమే. కాదన్నానేటి?" కన్నమ్మ గొంతు పెద్దదైంది. పక్కింటి కిటికీ ఒకటి తెరుచుకుంది, ఆవిడ లెక్క చెయ్యలేదు. "పిల్లప్పుడే ఎవలికో చూపించి బాగు చేయించి అడవికి పంపీవలసింది. మాకు తెలీలేదు. తెలిసినాక మనసొప్పలేదు. తప్పు నాది, మీ నాన్నది. గార్డుగారేం చేసినారు? తప్పు మాది, దాపరికం నీది, నెత్తురు మాత్తరం ఆయనదా?"

"నా క్వార్టర్లో ఉన్నంత కాలం పంజరం గుమ్మం దాటదు. అంతే."

ఆ మాట అనగానే సునీల్‌కి తను ఏమన్నాడో అర్థమై ముఖం పాలిపోయింది. కానీ అన్నమాట అన్నట్టే ఉండిపోయింది. వెనక్కి తీసుకుందామంటే మగతనం అడ్డొచ్చిందో, ప్రమోషనే అడ్డొచ్చిందో, రెండో మేజోడు తొడుక్కుని డ్యూటీకి వెళ్ళిపోయాడు.

కన్నమ్మ పెరటిగదికి వెళ్ళి పంజరం తీసుకుని బయటికి వచ్చేసరికి గ్రేసీ గుమ్మంలో నిలబడి ఉంది. అడ్డుకుంటుందేమో అనుకుంది కన్నమ్మ. గ్రేసీ సునీల్ నీళ్ళ సీసాలో వేణ్ణీళ్ళు పోసి, తువ్వాలు చుట్టి, పంజరంలో ఒక మూలకి ఆనించింది. గార్డుగారు తూలుతూ వచ్చి దానికి ఒళ్ళానించారు.

"గుడ్డ కప్పుతానత్తా. దారిలో ఎవరైనా చూస్తే..."

"చూడనీ. ఆర్వారాలు కప్పి పెట్టింది చాలు. గాలి తగలకుండా ఒక పక్క కప్పు. ముందు వైపు ఒదిలీ."

బస్సెక్కింది. ఒళ్ళో పంజరం, పంజరంలో ఎవరు చూసినా చిలకే. కండక్టరు చూసి, "మాయీ, తోతా మనా హై" అన్నాడు, చిలకని తేకూడదని.

"బస్సులో మనానా, ఊల్లో మనానా?" అంది కన్నమ్మ తనకొచ్చిన హిందీలో. "టిక్కెట్టు రెండియ్యి. మేమిద్దరం."

కండక్టరు నవ్వి ఒకటే ఇచ్చాడు. బచేలీలో ఎక్కినవాళ్ళు పంజరం చుట్టూ మూగి మిఠ్ఠూ మిఠ్ఠూ అంటుంటే గార్డుగారు మళ్ళీ ఈకలు దగ్గరికి లాక్కుని, మెడ నిక్కించారు. అది చూసి ఎవరో ఎంత హుషారుగా ఉందో అన్నారు. కన్నమ్మ పంజరాన్ని తన వైపు తిప్పుకుంది. "చాలు బాబూ. ఇంక డ్యూటీ చెయ్యకండి. రిలీఫొచ్చీసింది" అంది చిన్నగా. ఆయనకి అర్థమైందో, ఓపిక అయిపోయిందో, కళ్ళు మూసుకున్నారు.

పశువుల ఆసుపత్రిలో మేకలూ, ఒక కోడెదూడా, పుంజును చంకలో పెట్టుకున్న మనిషీ ఉన్నారు. డాక్టరు పాతికేళ్ళ అమ్మాయి, పేరు లక్మే, ఊరు తెలుగు సరిహద్దున ఉన్న కొంటా. కన్నమ్మ హిందీని ఒక్క నిమిషం భరించి, "అమ్మా, తెలుగుల చెప్పు, నాకొస్తది" అంది. కన్నమ్మకి సగం బరువు దిగినట్టయింది.

లక్మే వెంటనే పంజరంలో చెయ్యి పెట్టలేదు. కొంచెం దూరంగా స్టూలు మీద కూర్చుని, ఏవో కాగితాలు చూసుకుంటున్నట్టు నటిస్తూ గార్డుగార్ని చూసింది. కన్నమ్మ అది కనిపెట్టి, ఈ పిల్లకి పని తెలుసు అనుకుంది. తర్వాత లక్మే మెత్తటి గుడ్డతో ఆయన్ని పట్టుకుని, రొమ్ము మీద వేలు పెట్టి చూసింది.

"ఎముక కత్తి లెక్క తగుల్తున్నది. సగం ఒళ్ళు పోయింది. పైకి ఈకలు కప్పుంటయి గదా, చేత్తో పట్టుకుంటే తప్ప తెల్వదు." ముక్కు దగ్గర పెచ్చుని తడిదూదితో మెత్తబరిచి తీసింది. లోపల ఎర్రగా, తడిగా ఉంది. "లోపల పొక్కి చీము పట్టింది. పెచ్చు ఊడినప్పుడల్లా నెత్తురొస్తది. ముక్కు సూడు, ఎంత పెరిగిందో. ఏం పెడుతున్నరు?"

"అన్నం, శెనగలు, పచ్చిమిరపకాయ. మిరపకాయంటే ఆయనకి పేనం."

"ఆకుకూర, బొప్పాయి లాంటివి?"

"ఎప్పుడన్నా జాంపండు."

"వయసులున్నప్పుడు నడిచింది. ముసలితనంల ఆ తిండి సాలదు, లోపలి పొరలు పాడైతయి. కానీ అది మెల్లగొస్తది. ఇంత జల్ది ముదిరిందంటే ఇంకేందో ఉండాలె. ఎన్ని రోజుల సంది?"

"ఆర్వారాలు."

"ఆరువారాల కింద ఇంట్ల ఏం మారింది?"

కన్నమ్మ ఒక్కొక్కటే తల్చుకుంది. వీధి అరుగు, మైకు, పెరటిగది, గదిలో మూలగా కట్టెలపొయ్యి, పొద్దున్నా సాయంత్రం ముగ్గురికీ వేణ్ణీళ్ళు. ఆ పొయ్యి రోజూ అంటించింది తనే. ఊదింది కూడా తనే.

"దాచినాం తల్లీ" అంది. "కేసవుతాదని పొగగదిలో దాచినాం."

లక్మే చేతిలోని దూది పక్కన పడేసింది. "పిట్టల ఊపిరి మనలెక్క కాదమ్మా. మనకి కళ్ళు మండే పొగ, వాటికి విషం" అంది. తర్వాత, ముసలావిడ ముఖం చూసి కాబోలు, "ముసలితనం జబ్బు కాదు, జబ్బు ఏరే. పదిరోజులు సూదులు పడాలె, ఎచ్చగ ఉండాలె, పొగ తగలద్దు. బతుకుతదని రాసియ్యలేను. బతికే దారైతే ఉన్నది" అని కలిపింది.

ఆ మాట చాలు కన్నమ్మకి. కళ్ళనీళ్ళు వాటంతటవే దిగాయి, తుడుచుకోలేదు.

మొదటి సూది పడింది. లక్మే గార్డుగార్ని పంజరంలో కమ్మీ మీద నిలబెట్టి, చేతులు కడుక్కుని, రిజిస్టరు తెరిచింది. తెరిచి, కలం పట్టుకుని ఆగింది.

"అమ్మా, ఒకటి చెప్తా, మంచిగ ఇను. చిలక ఇక్కడికొస్తే అటవీశాఖకి రాయకుండ ఉండలేను. దారిల దొరికిందని చెప్పినవనుకో, నీకు ఏ తిప్పలుండదు. బయాన్ అని నీ మాట రాసుకుంట, గంతే. కానీ ఎవ్వరిదీ కాని పిట్ట గనక ఇయ్యాలనే బండెక్కించి అటవీశాఖ కేంద్రానికి పంపాలె. మూడు నాలుగ్గంటల దారి. ఈ ఊపిరితోటి ఆగదు. నాదే అని చెప్పినవనుకో, కేసైతది. కేసు తేలేదాక పిట్ట మా దగ్గర్నే ఉంటది, వైద్యం నడుస్తది. తర్వాత ఎట్లా మీ ఇంటికి రాదు. ఆలోచించుకో."

"ఆలోచించీదేటుంది?" అంది కన్నమ్మ. "నాది. రాయి."

"అమ్మా..."

"రాయి తల్లీ. కన్నమ్మ. భర్త పేరు కూర్మారావు, కీమాన్. ఇరవైమూడేళ్ళు పెంచినానని రాయి. తెలిసే పెంచినానని రాయి. నా ఇంటికి రాకపోతే పోనీ, బతికుంటే చాలు. బాగైనాక అడవికే పంపుతారో, ఎక్కడుంచుతారో, అది మీ ఇష్టం. దొరికినాడని మాత్తరం అనను. ఇరవైమూడేళ్ళ మనిషిని నిన్న దొరికినాడని చెప్పమంటావా?"

వెనక పుంజును పట్టుకున్న మనిషికి తెలుగు రాదు. అయినా ఆవిడ గొంతు విని నిటారుగా నిలబడ్డాడు. లక్మే పేరు రాసింది. భర్త పేరు రాసింది. కలం కింది గడికి దిగింది.

"ఇంటి పత్తా?"

ఇక్కడ ఆగింది కన్నమ్మ. క్వార్టర్ నంబరు చెప్తే అది సునీల్‌కుమార్ పేరు. ఆ నంబరు పడితే ఏ లిస్టులోంచి ఏ పేరు పోతుందో ఆవిడకి తెలుసు. కోపం సంగతి వేరు, వాడు కన్నకొడుకు. గార్డుగార్ని కాపాడుకోవడానికి వాణ్ణి ఒడ్డలేదు. అలాగని ఈ గడి ఖాళీగా వదలనివ్వరు. ఆవిడ పంజరం వంక చూసింది, ఆసుపత్రి వరండా వంక చూసింది.

"పత్తా లేదని రాయి."

"అట్ల రాయరాదమ్మా."

"అయితే ఈ వరండా రాసుకో. ఆయన ఎక్కడుంటే నాను అక్కడే ఉంటాను. ఒక పక్కన చాప ఏసుకుంటాను, ఎవలకీ అడ్డం రాను. పశువులాసుపత్రి వరండా, దంతెవాడ. రాయి."

"పేరు కొట్టేయండి."

ఆ మాట అన్నది వెనక నుంచి. కన్నమ్మ తిరిగి చూసింది. మేకల్ని తోసుకుంటూ సునీల్‌కుమార్ వస్తున్నాడు. ఒంటి మీద యూనిఫారం, కనుబొమ్మల దాకా ఎర్రదుమ్ము. అంత దూరం బండి మీద వచ్చిన రొప్పు. డ్యూటీ వేళలో ఇక్కడున్నాడంటే, గ్రేసీ కబురు విని పైవాళ్ళకి చెప్పకుండా వచ్చేశాడన్నమాట.

"డాక్టరుగారూ, మా అమ్మ పేరు కొట్టేయండి."

"కొట్టేసి?" అంది లక్మే. "దొరికిందని రాయమంటవా? లేకపోతే ఎవరి పేరు రాయాలె?"

సునీల్ తల్లి వంక చూడలేదు. పంజరం వంక చూశాడు. గార్డుగారు వాణ్ణి గుర్తుపట్టారు. ఆరేళ్ళ వయసు నుంచీ ఎరిగిన మనిషి ముందు అలవాటు చొప్పున ఈకలు దగ్గరికి లాక్కున్నారు, మెడ నిక్కించారు, ఒక అంగ పక్కకి వేశారు. వేసిన కాలు కమ్మీ మీద ఆనలేదు. అలాగే ముందుకి ఒరిగి పంజరం అడుగున పడ్డారు.

"గార్డుగారూ!" అన్న అరుపు తల్లిదో కొడుకుదో తెలీలేదు.

లక్మే కలం వదిలేసి రెండుచేతులూ పంజరంలో పెట్టింది. కలం రిజిస్టరు మీద దొర్లుకుంటూ పోయి బల్ల అంచు దగ్గర పడబోయింది. దాన్ని పట్టుకున్న చెయ్యి కన్నమ్మది కాదు, దాని నిండా ఎర్రదుమ్ము.